ఓరెస్ట్ దీదోకి అందరిమీదా అనుమానమే

ఓరెస్ట్ హవ్రిలుక్‌కి అనుమానం. దేనిమీద అని అడక్కండి. కొందరికి ఉబ్బసం ఉన్నట్టు ఆయనకి అనుమానం, అంతే. పొద్దున్నే సూర్యుడు పైకొస్తే, "ఏంటివాళ ఇంత పెందరాళే దిగబడ్డాడు?" అని కిటికీలోంచి ఓరగా చూసే రకం. కెనడాలోని సాస్కటూన్ చలికాలంలో సూర్యుడు రావడమే మహాభాగ్యం. అయినా వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఉండనివ్వడు.

డెబ్బైల్లో ఆ ఊరికి కొత్తగా ఒక హాకీ జట్టు వచ్చింది. ఐస్ హాకీ, డబ్బులిచ్చి ఆడించే అసలైన లీగ్‌లో. పేరు గోఫర్స్. గోఫర్ అంటే ఇక్కడి గోధుమ పొలాల్లో బొరియలు తవ్వే ఉడుతలాంటి ప్రాణి. మనిషి కనిపిస్తే చాలు, బొరియలో దూరిపోతుంది. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ మా ఆట ముందే చూసి పెట్టినట్టున్నాడు. ఓరెస్ట్ ఆ జట్టు సామాను చూసుకునేవాడు. స్కేట్లకి పదును పెట్టడం, చొక్కాలు ఉతకడం, చిరిగిన గ్లవ్‌లు కుట్టడం, సంచులు మొయ్యడం అన్నీ ఆయనే. మేమంతా 'దీదో' అనేవాళ్లం. వాళ్ల యుక్రేనియన్ భాషలో తాత అని.

నేను గోలీని, అంటే గోల్ కాసేవాణ్ణి. పేరు వెస్ పుడిస్టర్, పుట్టిన ఊరు న్యూఫౌండ్‌లాండ్‌లో చేపలు పట్టుకునే పల్లె. కొత్త జట్టు లీగ్‌లోకి రావాలంటే పాతజట్లు తమకి అక్కర్లేనివాళ్లని వదిలేస్తాయి, కొత్తవాళ్లు అందులోంచే ఏరుకోవాలి. అలా ఏరుకున్న సరుకులో నేనొకణ్ణి. సంచి భుజానేసుకుని మొదటిరోజు వెళ్తే, సామాను గది గుమ్మంలో ఈయన అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఎవడు పంపాడు నిన్ను?"

"పాత జట్టువాళ్లు వదిలేశారండీ. మీవాళ్లు తీసుకున్నారు."

"ఊరికే వదిలేశారా?"

"ఊరికేనే."

"మంచి గోలీని ఎవడైనా ఊరికే వదులుతాడా? దీని వెనక ఏదో ఉంది."

దీని వెనక ఏమీ లేదు. నేను బాగా ఆడలేదు, పొమ్మన్నారు. ఆ సంగతి చెప్పబోతుంటే దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు: "కుట్ర. నువ్వు పైకొస్తే తమ కొంప మునుగుతుందని ఎవడో భయపడ్డాడు." ఎవరితో అంటున్నాడోనని వెనక్కి తిరిగి చూశాను. అక్కడ ఎవరూ లేరు.

ఇక మొదలైంది ఓటముల జాతర. ఇంట్లో ఓడాం, బయట ఓడాం, ఒకసారైతే మంచు తుపానులో బస్సు చిక్కుకుని ఆలస్యంగా వెళ్లి మరీ ఓడాం. ఓడినప్పుడల్లా మా కోచ్ గోడకి తల ఆనించి, "మనకి ఆట రాదర్రా" అనేవాడు. వెంటనే మూలనుంచి దీదో గొంతు వినిపించేది.

"ఆగండాగండి. రెండో గోల్ పడినప్పుడు ఆ దీపం మిణుకుమంది, గమనించారా?"

"అయితే?"

"మిణుకుమనమని ఎవడు చెప్పాడు దానికి?"

గోల్ వెడల్పుమీద కూడా అనుమానమే. ఆట మొదలయ్యే ముందు ముడులేసిన తాడు పట్టుకుని ఐస్ మీదకి వెళ్లి, మా గోల్, వాళ్ల గోల్ రెండూ కొలిచేవాడు. రిఫరీ విసుక్కునేవాడు: "రెండూ ఒకటే కదయ్యా, వెంట్రుకవాసి తేడా లేదు!" దీదో కళ్లు చిన్నవి చేసి అనేవాడు: "అదే నా అనుమానం. ఇంత కచ్చితంగా ఎందుకున్నాయి?"

పక్ సంగతి మరీ ఘోరం. పక్ అంటే మేం కర్రలతో కొట్టే నల్ల రబ్బరు బిళ్ల. ఎగరకుండా జారాలంటే ఆటకి ముందు దాన్ని గడ్డకట్టించాలి. స్టేడియంలో అందుకో చల్లపెట్టె ఉంది. ఆ పెట్టెని దీదో నమ్మడే! పక్‌లన్నీ ఇంటికి పట్టుకెళ్లి వాళ్లావిడ స్టెఫా ఫ్రీజర్‌లో పెట్టేవాడు. ఆ మహాతల్లి అందులో వరేనికీలు దాచేది. చూడ్డానికి కజ్జికాయల్లా ఉంటాయి, లోపల బంగాళదుంప, వేయించిన ఉల్లిపాయ. ఒకసారి తండర్ బే జట్టు మీద ఆడుతుంటే వాళ్ల గోలీ, రెజాన్ థిబో అనే ముసలి పులి, పక్‌ని పట్టుకుని వదల్లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"రిఫరీ గారూ, ఇది ఉల్లిపాయ వాసనొస్తోంది."

స్టేడియం స్టేడియమంతా గొల్లుమంది. దీదో మాత్రం నవ్వలేదు. నా చెవి దగ్గరికొచ్చి, "పక్‌లో ఉల్లిపాయ వాసన పసిగట్టాడంటే వాడు ఆకలిమీదున్నాడు. వాళ్ల జట్టు వాడికి తిండి పెట్టట్లేదు. ఎందుకంటావ్?" అన్నాడు.  

ఆయన పెట్టిన చట్టాలన్నిటిలోకీ పెద్దది ఒకటుంది. ఆట రోజున ఎదుటి జట్టువాళ్లతో మాట్లాడకూడదు. పలకరించకూడదు, నవ్వకూడదు, తుమ్మితే 'చిరంజీవ' అనికూడా అనకూడదు. మా కెప్టెన్ మెక్‌ఫాల్ తమ్ముడు ఎదుటి జట్టులో ఆడేవాడు. ఓరోజు వాళ్లమ్మ ఇద్దరు కొడుకులకీ కేకు చేసుకుని వచ్చింది. దీదో గుమ్మంలోనే ఆపేశాడు.

"ఏం కలిపారమ్మా ఇందులో?"

"అయ్యో, వాడు నా కడుపున పుట్టినవాడయ్యా!"

"అవతలవాడూ మీ కడుపునే పుట్టాడుగా? రెండువైపులా ఉన్న మనిషిని నేనెలా నమ్మనూ?"

ఆవిడ మొహం ఎర్రబడింది. మెక్‌ఫాల్ ఆ కేకు దక్కక వారంపాటు దీదోతో మాట్లాడలేదు. కేకు దీదో తిన్నాడేమోనని నా అనుమానం. అవును, అప్పటికి ఆ జబ్బు మాకూ అంటుకుంది.

అంటుకోక ఏం చేస్తుంది? రెండో సీజన్‌లో నాకొక విచిత్రం కనిపించింది. ఏ జట్టు వచ్చినా, ఏ ఊరివాడు కొట్టినా, పక్ ఒకే చోటికి వచ్చేది. నా ఎడమచేతి పైకి, గ్లవ్ మీదుగా. పొరపాటున కూడా కుడివైపు రాదు. వాళ్లందరికీ ఎవరో చెప్పినట్టు కొట్టేవాళ్లు. మెక్‌ఫాల్‌తో అంటే, "మనలోనే ఎవడో ఉప్పందిస్తున్నాడు" అన్నాడు. ఆరోజునుంచీ స్నానాల గదిలో కూడా ఒకరినొకరం వారగా చూసుకోవడం మొదలెట్టాం.

ఏడు గోల్స్ తిన్న మర్నాడు మా మేనేజరు పికర్స్‌గిల్ గారు నన్ను పిలిచారు. కూర్చోమనలేదు. అక్కడే నాకు సంగతి అర్థమైపోయింది.

"గురువారం తండర్ బేతో ఆట ఉంది. ఇంకొక్క అవకాశం. అదీ ఇలాగే ఏడిస్తే శుక్రవారం పొద్దున్న బస్సెక్కుతావ్. కింది జట్టుకి."

కింది జట్టుకి వెళ్లినవాడు మళ్లీ పైకి రావడం నేనైతే చూడలేదు. నాకు హాకీ తప్ప ఇంకో పని రాదు. పడవెక్కితే వాంతులు, ఇక మా నాన్న వృత్తి ఏం చేస్తాను? 

గురువారం వచ్చింది. పొద్దుటి సాధన అయ్యాక నేనూ మెక్‌ఫాలూ బట్టలుతికే గది పక్కనుంచి వెళ్తున్నాం. లోపల గుసగుసలు. తలుపు సందులోంచి చూశాం.

దీదో ఉన్నాడు. ఆయన ఎదురుగా థిబో! సాయంత్రం మా మీద ఆడబోయే తండర్ బే గోలీ! వాడి చేతికి నా గ్లవ్ ఉంది. సాక్షాత్తూ నా ఎడమచేతి గ్లవ్. వాడు దాన్ని పైకెత్తి, కిందికి దించి, ఇదిగో ఇక్కడ, అన్నట్టు ఏదో చూపిస్తున్నాడు. దీదో బుద్ధిగా తలూపుతున్నాడు. చివర్లో ఒక పొట్లం తీసి వాడి చేతిలో పెట్టాడు.

"చూశావా!" మెక్‌ఫాల్ నా భుజం పట్టుకుని ఊపేశాడు. "కన్నతల్లిని గుమ్మంలో నిలబెట్టాడు, తనేమో శత్రువుతో బేరాలాడుతున్నాడు! అడ్డంగా దొరికిపోయాడు ముసలోడు."

"పికర్స్‌గిల్‌కి చెప్దామా?"

"ఆట అవనీ. ముందు నువ్వు ఆ గ్లవ్ జాగ్రత్త. అందులో ఏం చేశాడో ఏమో."

నాకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా బాధేసింది. లోకమంతటినీ అనుమానించిన మనిషిని, ఆ కేకు సంగతి తప్పిస్తే, నేను ఒక్కనాడూ అనుమానించలేదు.

సాయంత్రం దీదో నా గ్లవ్ తెచ్చి ఒళ్లో పెట్టాడు. "ఎవడో దీన్ని పాడుచేశాడు. కుట్లు బాగుచేశాను" అన్నాడు, నా మొహం చూడకుండా. తొడుక్కున్నాను. మరో గ్లవ్ లేదు మరి. చెయ్యి పైకెత్తితే బాగానే ఉంది. కిందికి దించానో లేదో, మణికట్టు దగ్గర ఏదో గట్టిగా పొడిచింది. లోపల గట్టి తోలుముక్క ఏదో కుట్టి ఉంది. దీదో వంక చూశాను. ఆయన దీపం వంక చూస్తున్నాడు.

ఆట మొదలైంది. చెయ్యి దించితే పొడుపు. ఎత్తితే హాయి. దించితే పొడుపు. "నీ గ్లవ్ తగలబడ, నీ అనుమానాలు తగలబడ" అని తిట్టుకుంటూ చెయ్యి ఎత్తే ఉంచాను. మొదటి షాట్ వచ్చింది, ఎప్పటిలాగే ఎడమ పైకి. చెయ్యి అప్పటికే అక్కడుంది. పక్ వచ్చి గ్లవ్‌లో కూర్చుంది! నేనే నమ్మలేదు. కొట్టినవాడు అసలే నమ్మలేదు. ఇంకోటి వచ్చింది, అదీ పట్టాను. ఉల్లిపాయ వాసన గుప్పుమంది.

రెండు గోల్స్ పడ్డాయి, కాదనను. కానీ మావాళ్లు మూడు కొట్టారు. చివరి గంట మోగేసరికి జనం టోపీలు ఎగరేశారు. గోఫర్స్ గెలవడం చూద్దామని వచ్చినవాళ్లు కాదు పాపం, చలికి తలదాచుకుందామని వచ్చినవాళ్లు. పికర్స్‌గిల్ గారు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపి, "శుక్రవారం బస్సు సంగతి మర్చిపో" అన్నారు. నేను అక్కడే పెట్టెమీద కూలబడ్డాను. 

నడవలో థిబో ఎదురయ్యాడు. ఓడినవాడు కదా, మొహం చిరాగ్గా ఉంటుందనుకున్నాను. కొంటెగా నవ్వుతున్నాడు.

"మీ ముసలాయన నా బుర్ర తినేశాడయ్యా. పొద్దున్నే మా హోటల్‌కి ఫోను. 'మావాడు చెయ్యి ఎందుకు దించుతున్నాడో చెప్పు, చెప్పు' అని ఒకటే గోల. ఎదుటివాడు పక్ కొట్టే ముందు నీ చెయ్యి కిందికి జారి, పైన ఖాళీ అవుతుంది. లీగ్‌లో అందరికీ తెలుసు, నీకు తప్ప."

"అయితే నువ్వెందుకు చెప్పావ్? మీ జట్టు ఓడింది కదా!"

"గోల్ కాసేవాళ్లది ఒకటే కులం. నా కుర్రతనంలో నాకూ ఎవరో చెప్పారు. పైగా ఆ వరేనికీలు పెట్టాడు చూడు..." పొట్ట నిమురుకున్నాడు. "నీకు తెలియనివ్వద్దని ఒట్టు కూడా పెట్టించుకున్నాడు. ఆట అయిపోయిందిగా, ఇక ఒట్టు లేదు."

నేను, వెనకాలే మెక్‌ఫాల్, తిన్నగా సామాను గదికి వెళ్లాం. దీదో స్కేట్లకి నూనె రాస్తున్నాడు.

"నా చేతిలో లోపం ఉందని నాకే చెప్పొచ్చుగా దీదో?"

"నీ చేతిలో లోపమా? ఎవడు కూశాడు?"

"థిబో."

"ఆట రోజున శత్రువు మాట వింటావా? బుద్ధుందా? లోపం గ్లవ్‌లో ఉంది."

"దీదో!"

ఆయన నూనె గుడ్డ పక్కన పెట్టాడు. మొదటిసారి నన్ను తిన్నగా చూశాడు. "ఒరే పిల్లాడా, ఈ గదిలో ఉన్న ప్రతివాడికీ పాత జట్టువాళ్లు 'నువ్వు పనికిరావు' అని చెప్పే పంపారు. బాగా గట్టిగా చెప్పారు. మళ్లీ అదే చెప్పడానికి నేనెందుకు, వేరే పని లేదా నాకు? దీపాలున్నాయి, గోల్స్ ఉన్నాయి, రిఫరీలున్నారు. అనుమానించడానికి ఊళ్లో ఇంతమంది ఉండగా మీరే దొరికారా?"

 రెండు సీజన్లలో ఆయన అనుమానించని వస్తువు లేదు, మనిషి లేడు. కానీ మాలో ఒక్కణ్ణి, ఒక్కసారి కూడా అనుమానించలేదని అప్పుడు తట్టింది మాకిద్దరికీ.  ఏం చెయ్యాలో తెలియక గ్లవ్ తిప్పి చూపించాను.

"సరేగానీ, ఈ తోలుముక్క తీసెయ్. మణికట్టు పుండైపోయింది."

"ఏ తోలుముక్క?"

లోపల వేళ్లు పెట్టి వెతికాను. లేదు! కుట్టు తెగ్గోసిన దారాలు మాత్రమే తగిలాయి.

"ఎప్పుడు తీశావ్?"

"నేనా? నేనేం తియ్యలేదే!" దీదో గ్లవ్ లాక్కుని దీపం కింద పెట్టి పరీక్షగా చూశాడు. "రెండో విరామంలో దీన్ని ఆరబెట్టడానికి తీసుకెళ్లాను కదా, ఎవడో వచ్చి కోసేసుంటాడు. ఆట ఆఖరి భాగమంతా అది లేకుండానే ఆడావన్నమాట."

ఆఖరి భాగమంతా చెయ్యి పైకే ఉంది. పొడిచేదేమీ లేకుండానే. నేనే ఎత్తాను!

నేను నవ్వేస్తుంటే ఆయన లేచి, గుమ్మంలోకి వెళ్లి, నడవలో అటూ ఇటూ తొంగిచూశాడు. "నవ్వకండి. నా గదిలోకి ఎవడొచ్చాడో తేల్చేదాకా ఇక్కణ్ణుంచి ఎవరూ కదలడానికి వీల్లేదు" అని తలుపు గడియపెట్టి, అలమరలోంచి మిగిలిన వరేనికీల గిన్నె తీసి మా ఇద్దరి మధ్యా పెట్టాడు.