కుంట ఖాళీ అయిన పొద్దున

నిన్న మా ఊరి కుంట అడుగున సిమెంటు పోశారు. నీళ్ళు ఇంకిపోకుండానట! ఆ తడి సిమెంటు వాసనకు నా ఒళ్ళు మండింది. అలాంటి తెలివే నాకూ ఏడేళ్ళప్పుడు ఉండేది.

ఆ ఏడు మా తోట బావి ఎండిపోయి చీనీచెట్లు ఆకు రాల్చాయి. నాయన ఊరివాళ్ళను కూడగట్టి, బావికి ఎగువన వంకకు అడ్డంగా కట్ట వేసి ఆ కుంట తవ్వించాడు. తొలి వానకే అది నిండితే నేను గంతులేశాను. నాలుగు రోజులు తిరగకముందే, ఒక పొద్దున వెళ్ళి చూస్తే బురదే మిగిలింది. బంకమట్టి ముద్దలు చేసి, కనబడిన ఎండ్రకాయ బొక్కల్లో కుక్కుతూ అరిచాను.

"నాయనా! ఈ బొక్కల్లోంచి నీళ్ళన్నీ కారిపోయినాయి!"

దిగువన బావి గట్టు మీదున్న నాయన పగలబడి నవ్వాడు.

"ఏమప్పా మేస్త్రీ! పూడ్సింది చాల్లే గానీ, నీళ్ళు యాడికి పోయినాయో ఈడికొచ్చి సూడు!"

పరుగెత్తుకెళ్ళి తొంగి చూశాను. బావిలో రాతి పగుళ్ళ నుంచి నీళ్ళు సన్నగా ఊరుతున్నాయి! అడుగున ఆకాశం ముక్కొకటి కదులుతోంది.

అమ్మ తొలి బొక్కెన తోడి చీనీచెట్టు మొదట్లో పోసింది. నేల ఆ నీళ్ళనూ గుటుక్కున తాగేసింది.

ఈసారి నేను అరవలేదు.