చిన్నాయన పలికిన పొడవాటి మాట

మొన్న మా పై అంతస్తు అమ్మాయి మెట్ల మీద కూర్చుని, ఫోన్ చూస్తూ ఏదో పరదేశపు భాష నేర్చుకుంటోంది. ఒకే మాటను ముక్కలు చేసి, మెల్లగా, మళ్లీ మళ్లీ పలుకుతోంది. వింటుంటే నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. పట్టపగలే భయమేసింది, దాచుకోవడమెందుకు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వీపనగండ్ల దగ్గరి మా ఊరికి డిగ్రీ సెలవుల్లో వచ్చాను. మా చిన్నాయన వనపర్తిలో తెలుగు పంతులు. పెళ్లి చేసుకోలేదు; ఆ తీరికంతా పొడవాటి సమాసాల మీద పెట్టాడు. ఆ వేసవిలో ఆయనకు హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద పోలండ్ భాష నేర్పే పాత వాచకం, దానితో ఒక క్యాసెట్ దొరికాయి. మన సమాసాలకు తీసిపోని విశేషణాలు అక్కడున్నాయని పొంగిపోయాడు. వడగాలి రాకుండా తలుపు మూసుకుని, మధ్యాహ్నమంతా 'జె-వ్యెంచ్-జె-షెం-చో-కిల్-కు-లెత్-న్యా' అని ఒక్కో ముక్కకూ తొడ మీద దెబ్బ వేస్తూ పలికేవాడు. తొంభై, కొన్ని, ఏళ్లు అనే మూడింటినీ అతికితే, తొంభై దాటిన ఆడమనిషికి విశేషణమట. ఇంట్లో అలాంటి మనిషి మా అవ్వ, అంటే నాయనమ్మ, ఒక్కతే. నోట్లో పన్ను లేదు, చూపు తగ్గింది. గోడకు చెవి ఆనించి వింటూ, తనూ పెదవులు కదిపేది. ఊరంతా కునుకు తీసే ఆ ఎండలో మూసిన గదిలోంచి ఒక గొంతు, గోడ ఇవతల గాలి లాంటి ఇంకో గొంతు. నేను వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు.

అవే రోజుల్లో పక్కింటి పసివాడికి జ్వరం పట్టుకుంది, ఎంతకీ వదల్లేదు. మూసిన తలుపు, అర్థం కాని మాట, తొడ మీద దెబ్బలు. ఊరికి ఇంకేం కావాలి? చేతబడి అన్నారు. ముందరి పళ్లు ఊడబెరికితే మంత్రగాడికి మంత్రం సరిగ్గా పలకదని మా వైపు ఒక నమ్మకం ఉండేది. ఒక మధ్యాహ్నం మగవాళ్లు కొందరు వచ్చి చిన్నాయనను అరుగు మీద ఒత్తిపట్టారు. పసివాడి తాత చేతిలో పట్టకారు.

"పండ్లు దీస్తే మంత్రం పలుకది. మా పిలగాడు బతుకుతడు" అన్నాడాయన, బతిమాలుతున్నట్టుగా.

అప్పుడు అవ్వ గోడ తడుముకుంటూ గడప దాటి వచ్చింది. "నా నోట్ల ఒక్క పన్ను లేదు కొడుకా. నేనంట, ఇను" అంది. బోసినోటితో ఒక్క ముక్క జారకుండా, తొడ మీద దెబ్బ వేస్తూ, చివరిదాకా పలికింది. ఆ గొంతు అవ్వది కాదు, అచ్చం చిన్నాయనది. ఎవరూ కదల్లేదు. "అది నా వయసును జెప్పే మాట. మంత్రమే అయితే నాకే తగులుతది. జర పిలగాన్ని దవాఖానకు తీస్కపోండ్రి" అంది, మళ్లీ తన గొంతుతో. తాత చేతిలోంచి పట్టకారు జారిపోయింది.

సాయంత్రం వనపర్తిలో సూది వేయించాక జ్వరం దిగింది. ఊరు మాత్రం, ముసలామె మంత్రాన్ని తన మీదికి తీసుకుందనే చెప్పుకుంది. పసివాడి తల్లి వచ్చి అవ్వ కాళ్లకు మొక్కింది. వానలు పడకముందే అవ్వ పోయింది. అంత వయసులో పోవడంలో వింతేమీ లేదు. కానీ పాడె లేస్తుంటే చిన్నాయన నా పక్కకొచ్చి, "అన్ని దినాలు ఆ మాట నేనే అన్న గదనే" అన్నాడు. మంత్రాల్లేవని నాకు నేర్పిన మనిషి.

ఆయన పళ్లన్నీ మిగిలాయి. ఆ తర్వాత మాత్రం ఏదీ పైకి చదవలేదు. బడిలో పద్యాలు కూడా పిల్లల చేతే చదివించేవాడు. కాలం గడిస్తే భయాలు పోతాయంటారు. ఆయన భయం పోలేదు. ఆయనతోపాటే ముసలిదై, ఆయన పోయాక నా దగ్గరికి వచ్చి చేరింది.