వెండిరంగు పూసిన మేకులు

ఊరి మీదికి వంగి నిలుచున్న సున్నపురాతి కొండను సముద్రం వైపు నుంచి ఎక్కడం ఉడుమక్క మొదటి గెలుపు. పదకొండుసార్లు సగంలోనే దిగివచ్చింది. పన్నెండోసారి, ఇరవయ్యేళ్ల వయసులో, వేళ్లు చీరుకుపోయి నెత్తురోడుతుండగా శిఖరం మీద కూర్చుని ఊరికి చెయ్యి ఊపింది. అప్పటికామె లాడ్జిలో దుప్పట్లు ఉతికేది. తడి దుప్పట్లు పిండి పిండి గట్టిపడిన వేళ్లవి. పట్టిందంటే ఉడుంపట్టే కాబట్టి ఆ పేరొచ్చింది. కన్నవాళ్లు పెట్టిన పేరు కాగితాల్లో మిగిలిపోయింది.

తరవాత ఆమె చేసినవి ఒకటా రెండా? తుపానులో కొండ అంచున చిక్కుకున్న ముగ్గురిని ఒంటరిగా దింపింది. ఊరివైపు నుంచి ఎక్కేవాళ్లు తాడు తగిలించుకోవడానికి అరవైమూడు ఉక్కుమేకులు తన చేత్తో దిగ్గొట్టింది. రెండు వేసవులు పట్టింది. ఈ పద్దెనిమిదేళ్లలో ఆ దారిన వేలమంది ఎక్కారు, ఒక్కరికీ చిటికెనవేలు విరగలేదు. కాదనేవాడెవడైనా ఉంటే ఎదురుగా వచ్చి చెప్పమనండి.

అలాంటి మనిషి ఈ నెల పన్నెండున ఎప్పటిలాగే సుత్తితో మేకులు తట్టి చూస్తోంది. గట్టి మేకు గంటలా మోగుతుంది. తొమ్మిదోది పగిలిన కుండలా పలికింది. గోటితో గీకితే వెండిరంగు పెచ్చు లేచింది. లోపలంతా తుప్పు. పట్టుకుని ఆడిస్తే కలుపుమొక్కలా ఊడి చేతికొచ్చింది. ఉప్పుగాలి ఉక్కును తింటుంది, దాని పని అది. మరి ఈ రంగు పూసిందెవరు?

కొండ కింద పర్యాటక కార్యాలయంలో మేస్త్రీ ఆమె మరిదే. ఆమె పెళ్లినాటికి ముక్కు చీదుకోవడం కూడా రానివాడు.

“ఏమయ్యా, మేకులకు రంగేయించింది నువ్వేనా?”

“పైనుంచి చెప్పారొదినా. ఇరవయ్యో తేదీన ఈ దారికి మా శాఖ తరఫున ప్రారంభోత్సవం. నలభైమంది బడిపిల్లలు ఎక్కుతారు. ఫొటోల్లో మెరవాలన్నారు.”

“పుచ్చుపన్నుకు సున్నం పూస్తే నమలడానికి పనికొస్తుందా?”

“అన్నీ పుచ్చలేదేమో...”

“ఏది పుచ్చిందో నీ రంగు కింద కనబడి చస్తేగా! ఆ నలభైమందిలో నీ కూతురూ ఉందిగా?”

మరిది నేలచూపులు చూశాడు. “దానికి జలుబు చేసిందని బడికి చెప్పి పంపానొదినా.”

ఉడుమక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నీ బిడ్డకొచ్చిన జలుబు మిగతా ముప్పైతొమ్మిది మందికీ రాదుట్రా?”

ఊడిన మేకును తీసుకెళ్లి అధికారి బల్ల మీద ధన్‌మని పడేసింది. ఆయన దాన్ని కాగితంతో పక్కకు నెట్టాడు, చేతికి తుప్పంటుతుందని.

“తనిఖీ పోయినేడే అయిపోయిందమ్మా. అయినా ఇవి మీరు కొట్టిన మేకులు. శిలాఫలకం మీద మీ పేరే చెక్కించాం. మీ కీర్తిని మీరే చెడగొట్టుకుంటారా?”

“కీర్తికి తాడు కట్టి పిల్లల్ని వేలాడదీస్తారా?”

“వచ్చే ఏడాది మార్పిద్దాంలెండి.”

మూడురోజులు తిరిగింది. మూడుసార్లూ అదే పాట. నాలుగోసారి వెళ్లేసరికి కొండదారి గేటుకు తాళం, ఆమెను లోపలికి రానివ్వొద్దని నోటీసు. ఆమె తొలిచిన దారికి ఆమెనే పరాయిని చేశారు!

పదహారో తేదీ పొద్దున్నే, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, సుత్తి, గునపం, తాళ్లు భుజాన వేసుకుని ఉడుమక్క కొండ అవతలివైపుకు నడిచింది. అటు గేటు లేదు, మేకు లేదు, వట్టి రాయి. నాలుగురోజుల నీళ్లడబ్బాలు తాడుతో వెనక లాక్కోవాలి. మరిది రొప్పుతూ వచ్చాడు.

“నలభై ఏడేళ్ల వయసులో అటునుంచా వదినా? పడితే?”

“పడితే రంగేసి నిలబెట్టు.”

“అన్నయ్యకేం చెప్పను?”

“మీ అన్నకు నేనే చెప్పాను. నువ్వు మీ అధికారికి చెప్పు. శిఖరం మీది రాతిస్తంభానికి తాడు కట్టుకుని, పైనుంచి ఒక్కోటీ పీక్కుంటూ వస్తా. మిగిలిన అరవైరెండూ సంచిలో తెచ్చి ఆయన బల్ల మీదే కుమ్మరిస్తా.”

మధ్యాహ్నానికి శిఖరం మీంచి చెయ్యి ఊపింది. బజారు బజారంతా తలెత్తి చూసింది.

ఇవాళ పద్దెనిమిది. కొండ మీంచి సుత్తిదెబ్బలు ఊరంతా వినబడుతున్నాయి. ఒక్కో దెబ్బకూ రెండు వేసవుల కష్టం ఊడి సంచిలో పడుతోంది. కింద అధికారి మైకు పట్టుకుని “దిగిరండి” అని గొంతు చించుకుంటున్నాడు. గేటు తాళం మాత్రం భద్రంగా ఉంది, మేకుల్లేని దారికి కాపలాగా. మరిది ఈ ఉదయం బడికి వెళ్లి, జలుబు అబద్ధమని, మేకుల సంగతి ఇదీ అని అందరి ముందూ ఒప్పుకుని వచ్చాడు. పిల్లలెవ్వర్నీ పంపేది లేదని బడివాళ్లు తేల్చి చెప్పారు.

ఇంటి తలుపు మీద ఆమె సుద్దతో రాసిపెట్టి వెళ్లిన మాటను ఎవరూ తుడవలేదు: పంతొమ్మిదో తేదీ, సాయంత్రం ఐదింటికి దిగుతాను.