వెర్లీన్ వెనక్కి పంపిన ఓటరు

"గుర్తింపు కార్డు తియ్యి బాబూ. నీ మొహం నేనెరుగుదును, చట్టం ఎరగదు." వెర్లీన్ మేహ్యూ చేత ఈ మాట అనిపించుకోని ఓటరు మా ఊళ్ళో లేడు. జార్జియాలో పత్తి చేలు పోయి కోళ్ళ ఫ్యాక్టరీ వచ్చిన చిన్న ఊరు మాది. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడుపుతూ ఊరి పిల్లలందరినీ అదిలించిన గొంతు ఆమెది. పోలింగ్ రోజున చర్చి హాల్లో బల్ల వెనక కూర్చుని ఆ గొంతుతోనే అందరినీ వరసలో నిలబెట్టేది. పక్క కుర్చీ నాది. ఇరవై రెండేళ్ళు కలిసి కూర్చున్నాం కాబట్టి ఆమె మంచీ చెడూ రెండూ చెప్పే హక్కు నాకుంది.

ఆమెది ఒకటే పట్టుదల. ఎవరినీ వెనక్కి పంపకూడదు. పేరు జాబితాలో లేకపోయినా, చిరునామా తేడా వచ్చినా తాత్కాలిక బ్యాలెట్ ఇచ్చేది. ఆ ఓటును విడిగా కవరులో పెడతారు. చెల్లుతుందో లేదో తరవాత కౌంటీ ఆఫీసు, అంటే మా జిల్లా ఆఫీసు, తేలుస్తుంది. ఒకసారి పార్టీ తరఫున వచ్చిన పరిశీలకుడు వరసలో ఉన్న ఒకామెను చూపించి, "ఈవిడకెందుకండీ కవరు, ఊరే మారిపోయింది" అని గొణిగాడు. "అది తేల్చేది నువ్వూ కాదు, నేనూ కాదు. కూర్చో" అని కసిరింది. వెర్లీన్ వాళ్ళమ్మ ఓటరుగా నమోదు చేయించుకోబోతే, నల్లవాళ్ళకు ఓటు దక్కనివ్వని ఆ రోజుల్లో మూడుసార్లు తిప్పి పంపారు. ఆ కోపం ఈమెలో చల్లారలేదు.

ఆమెకున్నది ఒకే మనవడు, కూతురి కొడుకు టవారిస్. దొంగ సరుకు అమ్మి రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక ఇంకో అయిదేళ్ళు ప్రొబేషన్, అంటే నెలనెలా అధికారి ముందు హాజరు. ఆ గడువు తీరేదాకా మా దగ్గర ఓటు లేదు. వేస్తే మళ్ళీ నేరమే. పక్క కౌంటీలో ఒకావిడ అలాగే తెలియక వేసి జైలుకెళ్ళింది. ఆ కబురు విన్నప్పటినుంచి వెర్లీన్‌కు కంటిమీద కునుకు లేదు. "ఇంకా రెండేళ్ళేనే. వాడు ఏ తప్పూ చెయ్యకుండా గడిపేస్తే చాలు" అనేది నాతో.

ఆ నవంబరులో షెరీఫ్ ఎన్నిక, అంటే కౌంటీ పోలీసు అధికారి పదవికి. పదకొండింటికి వరసలో టవారిస్ కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం. బల్ల ముందుకొచ్చి నవ్వుతూ కార్డు పెట్టాడు.

"ఏమ్మా మిస్ వెర్లీన్, మనవడి దగ్గర కూడా కార్డు అడుగుతావా?" అని వెనకనుంచి మంగలి రూఫస్ వేళాకోళమాడాడు.

వెర్లీన్ నవ్వలేదు. జాబితాలో పేరుంది. నేనూ చూశాను.

"ఇంటికెళ్ళు" అంది మెల్లగా.

"పేరుందా లేదా అమ్మమ్మా?"

"ఉంటే ఏం? ఎవరో తప్పు రాసుంటారు. నీకింకా రెండేళ్ళుంది. అర్హుడినని ప్రమాణం చేసి సంతకం పెట్టావంటే మళ్ళీ లోపలేస్తారు. వెళ్ళు నాయనా, నీకు దణ్ణం పెడతా."

మెల్లగానే అంది కానీ హాలంతా వింది. రూఫస్ తల దించుకున్నాడు. టవారిస్ కార్డు తీసుకుని వెళ్ళిపోయాడు.

తాత్కాలిక బ్యాలెట్ల కవర్లు నా మోచేతి కిందే ఉన్నాయి. అనుమానం ఉంటే కవరు ఇవ్వాలని నాకు నేర్పిందే ఆమె. అయినా నేను కవరు తియ్యలేదు. మనవడి సంగతి ఆమెకు తెలియదా అనుకున్నాను. నా పిరికితనానికి అదొక సాకు.

ఏడింటికి పోలింగ్ ముగిసి తలుపులు మూశాం. జాబితాలో తప్పుందని చెప్పడానికి వెర్లీన్ కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి వెతికి చూసింది. "తప్పేం లేదండీ. నడవడిక బాగుందని జడ్జిగారు ఏప్రిల్లోనే ప్రొబేషన్ ఎత్తేశారు. జూన్‌లో కొత్తగా నమోదు చేయించుకున్నాడు. ఆయనకు ఓటుంది." వెర్లీన్ గడియారం చూసింది. ఏడుంపావు. ఫోన్ నా చేతికిచ్చి అక్కడే మెట్ల మీద కూలబడింది. ఆమె అలా కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం టైర్ల కొట్టు వెనకున్న అతని గదికి వెళ్ళాం. కోళ్ళ ఫ్యాక్టరీలో పని ముగించుకుని అప్పుడే వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీ అమ్మమ్మకు వేశాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"నీ బల్ల ముందు నిలబడి చెప్దామనుకున్నా. నా పేరు నువ్వు చదువుతుంటే చూద్దామని."

"జడ్జిగారిచ్చిన కాగితం ఏది?"

"నిన్న జేబులోనే ఉంది."

"మరి తీసి నా మొహాన కొట్టలేకపోయావా? చూపిస్తే ఓటు వేయించేదాన్నిగా!" ఏడుస్తూనే కసిరింది వెర్లీన్.

అతను కోప్పడితే బాగుండేది. బూట్లు విప్పుకుంటూ నెమ్మదిగా అన్నాడు:

"వరసలో నా ముందు నలభై మంది వెళ్ళారమ్మమ్మా. వాళ్ళలో ఒక్కడినైనా అడిగావా, జైలు కాగితం?"