హైమావతి ఆంటీ ఒప్పుకోని వాదన

మొన్న కెనడాలోని ఒషావాలో, నేను పాఠాలు చెప్పే కాలేజీలో, లిఫ్ట్ తలుపులు తెరుచుకోగానే ఇంగువ వాసన గుప్పుమంది. ఎవరో మన పిల్లలు పులిహోర డబ్బా తెచ్చుకున్నట్టున్నారు. లోపలున్న తోటి అధ్యాపకులు ఇద్దరు ముక్కులు ఎగబీలుస్తూ పైకప్పు వంక చూస్తున్నారు. నాకేమో నవ్వాగలేదు. ఇంగువ దగ్గర చెయ్యి వెనక్కి తియ్యని మనిషి నాకు ఒక్కరే తెలుసు. ఆవిడ గ్వెల్ఫ్‌లో ఉండే హైమావతి ఆంటీ. ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూనే నేను ఎం.ఏ. చదివాను.

ఆంటీది తెనాలి. గ్వెల్ఫ్‌లో చాలా ఏళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను కరీంనగర్ నుంచి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం భోజనానికి పిలిచారు. గుత్తివంకాయ కూర అద్భుతంగా కుదిరింది. మారు వడ్డించబోతే, అలవాటు కొద్దీ కంచానికి చెయ్యి అడ్డం పెట్టి "చాలు ఆంటీ, చాలు" అన్నాను. మన ఇళ్ళల్లో ఆ మాట అన్నాకే కదా అసలు వడ్డన మొదలయ్యేది! ఆవిడ "సరే" అని గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేశారు. నేను కిందికి పోయి బ్రెడ్డు ముక్కలు తిన్నాను. మర్నాడు మెట్ల దగ్గర పట్టుకున్నారు.

"నిన్న కడుపు నిండలేదు కదూ?"

"మీరు ఇంకోసారి అడుగుతరనుకున్న ఆంటీ."

"నేను ఒక్కసారే అడుగుతానమ్మా. కావాలంటే కావాలని చెప్పు, గొడవుండదు."

నేను చేరింది రెటరిక్ అండ్ కాంపోజిషన్‌లో. మాటతో, రాతతో ఎదుటివాళ్ళను ఎలా ఒప్పిస్తాం, ఆ రాయడాన్ని ఇంకొకరికి ఎలా నేర్పుతాం అన్నది ఆ చదువు. మనవాళ్ళు తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఈ సంగతి చెప్పి నెగ్గుకు రావడం కష్టం. ఒక అంకుల్ పాపం నిజమైన దిగులుతోనే, "ఇంత దూరం వచ్చి ఇంగ్లిష్ నేర్చుకోవడమేంటమ్మా? డేటా కోర్సు ఏదైనా అప్లై చెయ్యరాదూ? ఇక్కడ స్థిరపడటానికి పీఆర్ కూడా ఈజీగా వస్తుంది" అన్నారు. నేను తలొంచుకుని పెరుగన్నం కలుపుతుంటే ఆంటీ అందుకున్నారు. "కిందటి మన సంఘం మీటింగులో మీరు ముప్పావుగంట మాట్లాడారు. ఎందుకు మాట్లాడారో మాకెవ్వరికీ తెలియలేదు. ఈ పిల్ల చదువు ముందు మీకే పనికొస్తుంది." అందరికంటే గట్టిగా ఆ అంకులే నవ్వారు.

థీసిస్ ప్రపోజల్ దగ్గర నా బండి ఆగిపోయింది. మా గైడ్, కెనడా ఆవిడ, నేను రాసింది తిప్పి పంపేశారు. చాలా మర్యాదగా ఉందనీ, నా వాదన ఏమిటో మాత్రం తెలియలేదనీ అన్నారు. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ కుదరకపోతే థీసిస్ మానేసి, కోర్సులతో డిగ్రీ ముగించుకోవాలి. నేను ఊళ్ళో లెక్చరర్ ఉద్యోగం వదులుకుని వచ్చిందే పరిశోధన చెయ్యాలని. అది లేకపోతే వచ్చిందే దండగ అనిపించి, వంటింట్లో ఆంటీ ముందు ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. కళ్ళజోడు పెట్టుకుని నా కాగితాలు చదవడం మొదలుపెట్టారు.

"ఫలానావారు చక్కగా సెలవిచ్చారు. ఫలానావారు ఇంకా చక్కగా సెలవిచ్చారు. ఇది పరిశోధనా, సన్మానసభా? అందరికీ శాలువాలు కప్పి, దండలేసి, నువ్వు వేదిక దిగి ఇంటికొచ్చేశావు. వీళ్ళలో ఎవరితోనూ నీకు పేచీ లేదా?"

ఉంది. తిప్పలంతా అక్కడే. అసలు విషయం ముందే చెప్పని రచయితకు తన ఆలోచన మీదే స్పష్టత లేనట్టు అని మా గైడ్ ఒక వ్యాసంలో రాశారు. నాకది ఒప్పుదల కాలేదు. కానీ గురువును కాదనడం ఎలా?

"ఆవిడ చెప్పింది నిజమే కదా," అన్నారు ఆంటీ. "డొంకతిరుగుడంతా తెలియనితనమే. నువ్వు కంచం మీద చెయ్యి పెట్టడం కూడా అంతే."

నాకు ఒళ్ళు మండింది. "కాదు ఆంటీ! నేను చాలన్నా, ఇంకా కావాలని మా అమ్మకు ఎర్కైతది. చెప్పేటోళ్ళకు ఎంత పనుంటదో వినేటోళ్ళకు గూడ అంత పనుంటది. మీరు వినే పని మానేసిన్రు, అంతే!"

అనేశాక భయం వేసింది. పెద్దావిడతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆంటీ మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఈ ముక్క నీ కాగితాల్లో ఏదీ? ముందు ఇదే రాయి. మీ గైడ్ పేరు పెట్టి మరీ రాయి."

"ఆమెకు కోపమొస్తే?"

"వస్తే చెబుతుంది. నోరుంది కదా ఆవిడకి."

తర్వాత ఆంటీ నన్ను ఊపిరి సలపనివ్వలేదు. రాసింది రాసినట్టు చదివించుకుని ప్రతి పేరాకూ అడ్డం తగిలేవారు. ఆవిడకు జవాబు చెప్పడం కోసమే నేను ఉదాహరణలు వెతికాను. కమిటీ ముందు కూర్చున్న రోజు నా మొదటి మాటే మా గైడ్ మాటతో నాకున్న పేచీ. మా గైడ్ వెంటనే ఒక అభ్యంతరం చెప్పారు. అది అంతకుముందే ఆంటీ లేవనెత్తినదే. నేను తడుముకోకుండా జవాబిచ్చాను. ఆవిడ నవ్వి, ఇప్పుడిది థీసిస్ అంటూ సంతకం పెట్టారు. బస్సులో ఇంటికి వస్తూ ఆనందం పట్టలేక ఎదురుగా కూర్చున్న ముసలాయనకు కూడా చెప్పేశాను.

పట్టా తీసుకున్న రోజు ఆంటీ పట్టుచీర కట్టుకుని వచ్చారు. తిరిగి వస్తూ ఆవిడ కారు డ్రైవ్ చేస్తుంటే, ఎప్పటి నుంచో అనుకుంటున్నది అడిగాను.

"నన్ను రెచ్చగొట్టడానికే కదా ఆంటీ, ఆ రోజు నా వాదన తప్పన్నరు?"

"రెచ్చగొట్టడమేంటే? నాకు నిజంగానే నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు."

"మరి అన్నిసార్లు చదివి, అంత కష్టమెందుకు పడ్డరు?"

"నువ్వది నమ్ముతున్నావు కదా," అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నమ్మినదాన్ని అంత అధ్వానంగా చెబితే నేను చూస్తూ ఊరుకోనా?"

అప్పటిదాకా నా వైపు నిలబడినవాళ్ళంతా నాతో ఏకీభవించినవాళ్ళే అనుకునేదాన్ని. ఇప్పుడు నా టేబుల్ మీద ఒక విద్యార్థిని వ్యాసం ఉంది. నేను క్లాసులో చెప్పినదాన్నే పట్టుకుని కాదంటోంది. ఆమె వాదన తప్పని నాకు గట్టి నమ్మకం. రెండో పేజీలో ఆ వాదన నీరుగారిపోతోంది. దాన్ని ఎలా నిలబెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దామని, రేపు పొద్దున రమ్మన్నాను.