తొలి తాడు లాగిన చెయ్యి

పదకొండేళ్లుగా నా కుడి చెయ్యి నాకు బరువు. డాక్టరుకు చూపించుకునే జబ్బేమీ లేదు. ఈ చేత్తోనే అన్నం తింటాను, స్పానరు పడతాను, దేవుడికి దండం పెడతాను. ఆ చెయ్యి చేసిన పని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మొహం చూస్తూ చెప్పే ధైర్యమే ఉంటే ఇంత కాగితం ఖరాబు చేసేవాణ్ణా?

బంగారుపాళ్యం దగ్గర, రోడ్డు పక్కన మా షాపు. మామిడి తోటల్లో మందు కొట్టే స్ప్రేయర్ మిషన్లు బాగుచేస్తాం. అన్నీ చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లు, తాడు లాగితే స్టార్టయ్యేవి. నాయన పెట్టిన షాపు. నాయన పెట్టిన ఆచారం కూడా ఒకటుంది. ఇంజను మొత్తం విప్పి మళ్లీ బిగించాక నిమ్మకాయ పెట్టి, పెట్రోలుకు దూరంగా కర్పూరం వెలిగించి, చెయ్యి మంచిదని పేరున్న మనిషి తొలి తాడు లాగాలి. ఆ మనిషిని నేను. నాకు చదువు అబ్బలేదు. నలుగురిలో మాట్లాడటం రాదు. ఊళ్లో నాకున్న మర్యాదంతా ఆ తాడు కొసనే ఉండేది. నవ్వకండి.

మా అక్కను చేసుకుని బావ వచ్చాడు. నగరిలో మరమగ్గాల ఇంటివాడు. ఆగిపోయిన మగ్గాలు బాగుచేసీ చేసీ పనితనం వేళ్లకు పట్టినవాడు. మగ్గాలు మూతపడ్డాక మా షాపులో చేరాడు. నేను పొద్దుటి నుంచి తల బాదుకుంటున్న మిషన్ దగ్గర ఓ నిమిషం చెవి పెట్టి, "ఈడ గాలి లీకవతా ఉండాదప్పా" అనేవాడు. విప్పి చూస్తే అక్కడే లీకు.

నాయన నన్ను ఏనాడూ మెచ్చుకోలేదు. తిట్టనూ లేదు. చూసి ఊరుకునేవాడు. బావ వచ్చిన రెండో ఏడు తోటల రైతులతో టీ తాగుతూ, "మా అల్లుడి చేతిలో ఏందో ఉండాదప్పా" అన్నాడు. నేను ఆ పక్కనే ఉన్నాను, చేతిలో వాళ్లు తాగి ఇచ్చిన టీ గ్లాసులతో. ఆ తర్వాత ఒక రైతు వచ్చి, "తొలి తాడు మీ బావ చేత లాగించు" అన్నాడు. నవ్వుతూనే పక్కకు జరిగాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అసూయ అని రాయాలంటే అదేదో పెద్దమనుషుల మాటలా ఉంది. నాది కుళ్లు. ఆయన చొక్కా చూసినా కుళ్లే. అక్క ఆయనకు సంగటిలో నెయ్యి ఒక గరిటె ఎక్కువ వేస్తే కుళ్లే. సొంత అక్క కాపురం చల్లగా ఉంటే ఏ తమ్ముడికైనా కన్ను కుడుతుందా? నాకు కుట్టింది. ఆయన చెడ్డవాడైనా బాగుండేది, కనీసం నాకొక సాకు దొరికేది. చెడ్డవాడు కాడు. నన్నెప్పుడూ ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడలేదు.

పాత మామిడి చెట్లు చాలా ఎత్తుంటాయి. చిన్న ఇంజనుకు ఆ చిటారు కొమ్మ పూతదాకా మందు ఎక్కించే బలం లేదు. పెద్ద ఇంజన్ను చెట్టు చెట్టుకూ మోయలేరు. బావ ఏం చేశాడంటే, పాత సామాన్లమ్మే గుజిరీలో దొరికిన పాత కారు గాలి పంపొకటి తెచ్చి, బెల్టుతో ఇంజనుకు తగిలించాడు. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదు కాబట్టి ఈ పంపు గాలిని బలవంతంగా లోపలికి నెడుతుంది. గాలీ పెట్రోలూ ఎక్కువైతే బలమూ ఎక్కువే. టూ స్ట్రోక్‌లో లోపలికొచ్చింది కాలకముందే పొగగొట్టంలోకి జారిపోతుందని గొట్టాన్ని కూడా లెక్కకట్టి సన్నం చేశాడు. ఇదంతా ఆయనకు ఎవరూ నేర్పలేదు. వినేకొద్దీ నా కడుపు మండిపోయేది.

అందులో ఒక కిటుకుంది. పంపు గాలి, పెట్రోలు వచ్చి కలిసే కార్బురేటర్లోకి జోరుగా వస్తుంటే ట్యాంకులో పెట్రోలు కిందికి దిగదు, ఆ గాలే అడ్డుకుంటుంది. అందుకని అదే గాలిని ఒక సన్నటి రబ్బరు ట్యూబుతో ట్యాంకులోకి కూడా పంపాలి. అప్పుడు పైనా కిందా ఒత్తిడి సమానమై పెట్రోలు దిగుతుంది. ఆ ట్యూబు మూసుకుపోతే పెట్రోలు తగ్గుతుంది. ఈ ఇంజన్లకు ఆయిలు పెట్రోలులోనే కలిపి పోస్తాం. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టన్ వేడెక్కి, బిగుసుకుని పట్టేస్తుంది. ఇదంతా నాకు బావే కూర్చోబెట్టి, ఓపిగ్గా, రెండుసార్లు చెప్పాడు.

ట్రయల్ రోజు షాపు పక్కనున్న పాత మామిడి చెట్టు కిందికి తోటల రైతులందరూ వచ్చారు. మిషన్ నిలబడితే తమ మిషన్లన్నీ అలాగే చేయించుకుంటామని మాటిచ్చారు. బావ సొంత షాపు పెట్టుకుంటాడు. అక్క అప్పటికే ఆ షాపుకు పేరు కూడా అనుకుంది. అందరూ కాఫీలకు లేచినప్పుడు నేను సైకిల్ బేరింగ్‌లోని చిన్న ఇనుప గుండు ఒకటి ఆ ట్యూబులోకి తోశాను. ఇరుగ్గా వెళ్లి కూర్చుంది. ఎంతసేపు పట్టింది? ఒక దగ్గు దగ్గినంత సేపు.

తీసెయ్యడానికి బోలెడు టైముంది. అది మీరు గుర్తుంచుకోవాలి. నిమ్మకాయ పెట్టారు, కర్పూరం వెలిగించారు. నేను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు బావ నా వైపు తిరిగాడు.

"బామ్మర్దీ, తొలి తాడు నువ్వే లాగప్పా."

"నేనా? మిషను నీది గదా బావా."

"నాదైతే ఏమి, నీదైతే ఏమి? నీ సెయ్యి మంచిది. నువ్వు లాగితేనే నాకు దైర్నం."

ఆ మాట ఆయన ఒక్కరోజు ముందు అని ఉంటే ఆ గుండు నా జేబులోనే ఉండేదేమో. ఏమో! ఇప్పుడు ఎన్నైనా చెబుతాను. ఇచ్చిన తాడు పట్టుకున్నాను. లాగాను.

ఒక్క లాగుకే అందుకుంది. మందు నీళ్లు సగం చెట్టు దాటి పైకి లేచాయి, అందరూ "అబ్బా!" అన్నారు. తర్వాత శబ్దం పలచబడింది. కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. బావ మళ్లీ తాడు లాగబోతే తాడు కదల్లేదు. రైతులు ఒక్కొక్కరే చెప్పులేసుకుని వెళ్లిపోయారు. నా మొహం ఎలా ఉందో ఏమో, బావే వచ్చి నా భుజమ్మీద చెయ్యేసి, "నీ సేతిలో లోపం లేదబ్బా, నా లెక్కలోనే యాడో తప్పుండాది" అన్నాడు.

ఇంతకంటే సిగ్గుచేటైనది ఇంకొకటుంది. నాయన అందరి ముందూ అన్నాడు: "నా కొడుకు సెయ్యి పెట్టినా నిలబడలేదంటే అది ఆ మిషను ఖర్మ." పుట్టి బుద్ధెరిగాక నేను విన్న తొలి మెప్పు అది. దానికి నేను సంతోషపడ్డాను. అవును, పడ్డాను. నాయన అదే నమ్మకంతో పోయాడు.

బావ ఆ మిషన్ను విప్పి చూడనూ లేదు, మళ్లీ ఏ ఇంజన్నూ ముట్టుకోలేదు. అక్కనూ పిల్లనూ తీసుకుని శ్రీసిటీకి వెళ్లి ఒక ఫ్యాక్టరీలో చేరాడు. షిఫ్టంతా నిలబడి ఒకే బటన్ నొక్కుతాడట. ఆ వేళ్లతో! అక్క ఫోన్లో, "బాగానే ఉండాములేరా" అంటుంది. ఆ "లే" నాకు గుచ్చుకుంటుంది.

నన్ను ఇన్నాళ్లూ కాపాడింది ఒకే ఒక్క మాట. నేను గుండు పెట్టకపోయినా అది పట్టేసేదే, చిన్న ఇంజను అంత బలానికి ఎలా తట్టుకుంటుంది, ఆయన లెక్క నిజంగానే తప్పేమో అనుకునేవాణ్ణి. ఆ మాట కప్పుకునే పడుకునేవాణ్ణి.

పోయిన నెల బావ వచ్చినప్పుడు షాపు మూలన ఆ మిషన్ చూసి, "ఇంకా ఎందుకప్పా, పాత ఇనుముకు ఏసెయ్" అని వెళ్లిపోయాడు. వేయలేకపోయాను. ఆదివారం షాపు మూసి విప్పాను. ట్యూబు కోస్తే గుండు నేల మీద పడి దొర్లింది. తుప్పు కూడా పట్టలేదు. కొత్త పిస్టన్ వేశాను, కొత్త ట్యూబు వేశాను. మిగతాదంతా బావ చేసిందే, ఒక్క నట్టు కూడా మార్చలేదు. వెనక దొడ్లోకి తీసుకెళ్లి తాడు లాగాను. ట్యాంకు అయిపోయేదాకా ఆగలేదు. ఎదురుగా ఉన్న చింతచెట్టు చిటారు కొమ్మ మీదికి నీళ్లు పోయి, అక్కడి నుంచి నా నెత్తిన పడ్డాయి. తడుస్తూ అలాగే కూర్చున్నాను.

మర్నాడు బావ ఫోన్ చేశాడు. "ఇనుముకు ఏసినావా?" అన్నాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. "ఏసినా బావా" అన్నాను. మిషన్ గోనెపట్ట కింద ఉంది.

నిన్న ఒక రైతు బాగుచేసిన మిషన్ ముందు నిమ్మకాయ పెట్టి నన్ను తాడు లాగమన్నాడు. నా చెయ్యి మంచిది కాదు, నువ్వే లాగన్నా అన్నాను. ఆయన విస్తుపోయాడు. ఇన్నేళ్లుగా లాగుతున్నావు గదా, ఇప్పుడేమైంది అని అడిగాడు. కర్పూరం ఆయన చేతిలో పెట్టి షాపులోకి వెళ్లిపోయాను.

ఆయనకు చెప్పలేనిది మీకు చెప్పాను. బావ లెక్కలో తప్పు లేదు. ట్యూబులో గుండు పెట్టింది నేను. పెట్టానని తెలిసీ తాడు లాగింది నేను.