బుచ్చయ్య బండి, కోరుట్ల దాకా

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాల మధ్య ముప్పై నాలుగేళ్లు పనిచేసి మానేసే నాటికి బుచ్చయ్యకు చెవులు సగం పోయాయి. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. ఆయన ఇంటికొచ్చే వేళకు భార్య కళావతి బీడీల కంపెనీకి బయలుదేరేది. ఇద్దరూ కలిసి ఊరు దాటింది పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే.

అందుకే అరవయ్యో ఏట ఆయన ఒక పాత బుల్లెట్ బండి తెచ్చి వాకిట్లో నిలబెడితే, నవ్వాలో తిట్టాలో కళావతికి తోచలేదు.

"గిదెందుకయ్యా?"

"తిరిగొద్దాం. ఇద్దరం."

జగిత్యాలలో ఉండే కూతురు గీత ఫోన్‌లోనే నెత్తి కొట్టుకుంది. "గీ వయసుల బండి మీద తిరుగుడేందమ్మా? నలుగురు నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ బిడ్డా. మీ బాపు అడుగక అడుగక అడిగిండు."

మొదట కొండగట్టు పోయారు. గుట్ట ఎక్కేటప్పుడు కళావతి ఆయన చొక్కా పట్టుకుని కళ్లు మూసుకుంది. దిగేటప్పుడు తెరిచే ఉంచింది. ఆ తర్వాత భద్రాచలం, శ్రీశైలం, విశాఖపట్నం. వెనక నుంచి అరిచినా ఆయనకు వినపడదు కాబట్టి ఎటు తిరగాలంటే ఆ భుజం తట్టేది. ఇంట్లో ఏనాడూ మాట్లాడుకోని సంగతులు దారిలో, హోటళ్ల ముందు బెంచీల మీద మాట్లాడుకున్నారు. ఆయనకు వంకాయ కూర ఇష్టం లేదని ఆమెకు ఖమ్మంలో తెలిసింది.

మూడో ఏడు, గోదావరి పుట్టిన చోటు చూద్దామని నాసిక్ బయలుదేరారు. రుద్రంగి దాటి, ఎండెక్కకముందే కోరుట్ల చేరారు. బస్టాండు దగ్గర చాయ తాగారు. కళావతి మొహం కడుక్కుని వచ్చేసరికి బండి లేదు.

పెట్రోలుకు పోయాడనుకుంది. ఆయన ఫోను ఆమె సంచిలోనే ఉంది. చాయ హోటలాయన స్టూలు తెచ్చి వేశాడు.

"కూసో అవ్వా, అస్తడు తియ్."

గంట దాటింది. బుల్లెట్ చప్పుడు వినపడినప్పుడల్లా లేచి నిలబడింది. చివరికి అల్లుడు జితేందర్‌కు ఫోన్ చేస్తే, అతను జగిత్యాల నుంచి కారులో వచ్చాడు. ఇద్దరూ కోరుట్ల సందులన్నీ వెతుకుతుండగా సిరిసిల్ల నుంచి భూమన్న ఫోన్. బుచ్చయ్యతో కలిసి పనిచేసిన మనిషి.

"వదినే, అన్న మా కార్ఖాన కాడున్నడు. డ్యూటీకచ్చిన అంటున్నడు. నువ్వేడున్నవ్?"

వీళ్లు చేరేసరికి బుచ్చయ్య కార్ఖానా గేటు ముందు కూర్చుని ఉన్నాడు. నాసిక్‌కు కట్టుకున్న మూట బండికి అట్లాగే ఉంది. కళావతిని చూసి విసుక్కున్నాడు.

"గింత ఆలస్యమైందేందే? సద్ది తెచ్చినవా?"

కరీంనగర్ డాక్టరు తలకు ఫోటోలు తీయించి, ఇది మతిమరుపు జబ్బని, ముందుముందు పెరుగుతుందని చెప్పాడు. బండి ముట్టనివ్వొద్దన్నాడు. తిరిగొస్తుంటే కళావతికి ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. శ్రీశైలం దారిలో భుజం తట్టినా రెండుసార్లు తప్పు తోవ పట్టాడు.

"చెవుడనుకొని తిట్టిన బిడ్డా" అంది గీతతో. "నడిరోడ్డు మీద తిట్టిన."

తాళంచెవి ఆమే తీసి జితేందర్ చేతిలో పెట్టింది. "తీస్కపో అల్లుడా. ఎవలకన్న ఇయ్యి. మళ్ల నా కండ్ల పడొద్దు."

పొద్దున లేచి బండేదని అడుగుతాడు, రిపేరుకిచ్చిన అని చెప్పాలనుకుంది. ఆయన అడగలేదు. వారమైనా అడగలేదు. వాకిట్లో బండి ఉండే ఖాళీ జాగాలోనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అడిగి, పోట్లాడి, అలిగినా బాగుండుననిపించేది ఆమెకు.

నెల దాటాక ఉండబట్టలేక ఆమే మాట ఎత్తింది.

"యాదికున్నదా, విశాఖపట్నంల సముద్రం చూడవోతే అల అచ్చి నీ ప్యాంటంత తడిసింది."

బుచ్చయ్య ఆమె వైపు మర్యాదగా చూశాడు. "నువ్వు సముద్రం చూసినవా అక్కా?"

కళావతి చేతిలోని బీడీ ఆకు చాటలో పెట్టేసింది.

"చూసిన."

"ఎట్లుంటది?"

ఆమె చాట పక్కకు జరిపి ఆయన కుర్చీ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"మస్తు పెద్దగుంటది" అంది. "మా ఇంటాయన తీస్కపోయిండు. బండి మీద."